ఊరి సమాచారం ఫ్రీగా ఇస్తే డబ్బులొస్తాయా?

సూర్యాపేట బస్సులు, మిర్యాలగూడ వడ్ల రేట్లు, కోదాడ కబుర్లు... ఇలాంటి సైటు నడిపితే చేతికి నిజంగా ఎంత వస్తుంది? ఉద్యోగం చేసుకుంటూనే ట్రై చేసిన ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడి అనుభవం ఇది.

‘మామా, నీ సైట్‌కి పోయి పది యాడ్లు నొక్కొచ్చా. పార్టీ ఎప్పుడు?’

మా బీటెక్ వాట్సాప్ గ్రూప్‌లో లింకు పెట్టిన అరగంటకే వచ్చిన మెసేజ్ అది. వాడు ప్రేమతోనే చేశాడు. నాకు మాత్రం గుండె జారిపోయింది. ఎందుకంటే తెలిసినవాళ్లతో కావాలని యాడ్లు నొక్కిస్తే గూగుల్ దాన్ని దొంగ క్లిక్కు కిందే లెక్కేస్తుంది. ఆ డబ్బు ఇవ్వదు సరికదా, అకౌంటే మూసేయొచ్చు. వెంటనే గ్రూప్‌లో దండం పెట్టి చెప్పా: ‘చదవండ్రా బాబూ, నొక్కకండి!’

మాది కోదాడ. ఉద్యోగం హైదరాబాద్‌లో. శనివారం ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో అడిగేవాళ్లు. మట్టపల్లి గుడి ఎన్ని గంటలకు మూస్తారు? సన్న వడ్లకు 500 రూపాయల బోనస్ ఏ రకాలకు ఇస్తారు? తేమ ఎంత ఉంటే కాంటా వేస్తారు? ఇవన్నీ నెట్‌లో లేవా అంటే ఉన్నాయి. కానీ ఒకటి ఇంగ్లిష్ పీడీఎఫ్‌లో, ఇంకోటి ఎప్పటిదో పాత వార్తలో. ‘అన్నీ ఒకచోట తెలుగులో పెడితే పోలా?’ అనిపించింది. ‘ఫ్రీగా ఇచ్చి, యాడ్లు పెట్టుకుంటే డబ్బులు కూడా వస్తాయి కదా’ అని కూడా అనిపించింది. దాచడమెందుకు!

అసలు డబ్బు ఎలా వస్తుంది?

చదివేవాళ్ల దగ్గర పైసా తీసుకోం. పేజీలో కనిపించే ప్రకటనకు కంపెనీలు డబ్బు కడతాయి. ఆ ప్రకటనల్ని తెచ్చిపెట్టే మధ్యవర్తుల్లో అందరికీ తెలిసింది గూగుల్ యాడ్‌సెన్స్. అది 2003లో మొదలైంది. తెలుగు పేజీలకు మాత్రం 2018లో గానీ రాలేదు. ప్రకటనదారు కట్టిన దాంట్లో సుమారు 68 శాతం సైటు యజమానికి చేరుతుందని గూగుల్ లెక్క.

వినడానికి బావుంది కదా? ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. వెయ్యి పేజీలు చూస్తే మీకు 50 రూపాయలు వచ్చిందనుకోండి. నెలకు 30 వేల పేజీలు చూశారనుకోండి. మొత్తం 1,500 రూపాయలు. యాడ్‌సెన్స్‌లో 100 డాలర్లు నిండితే తప్ప డబ్బు బ్యాంకుకు రాదు. డాలర్ 90 రూపాయల చొప్పున వేసుకుంటే 9,000 కావాలి. అంటే మొదటి జీతం కోసం ఆరు నెలలు ఆగాలి! ‘నెలకు లక్ష’ అని యూట్యూబ్ థంబ్‌నెయిల్స్ చూసి ఉద్యోగం మానేద్దామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోండి.

రేటు అందరికీ ఒకేలా ఉండదు. లోన్లు, ఇన్సూరెన్స్ లాంటి విషయాలకు ప్రకటనదారులు ఎక్కువ పెడతారు. గుడి వేళలకు తక్కువే. అమెరికాలో కూర్చుని మన ఊరి పేజీ చదివేవాళ్ల నుంచి వచ్చే ఆదాయం, ఇక్కడ చదివేవాళ్ల కంటే సాధారణంగా ఎక్కువ.

ఇంకో తమాషా. ఇంత డిజిటల్ వ్యవహారంలో మొదటగా వచ్చేది పోస్టులో ఒక కాగితం. ఖాతాలో 10 డాలర్లు చేరాక అడ్రస్ నిజమో కాదో చూడ్డానికి గూగుల్ ఒక పిన్ నంబర్ ఉత్తరంలో పంపుతుంది. మా పోస్ట్‌మ్యాన్ అది ఇస్తూ ‘ఉద్యోగమా బాబూ?’ అనడిగాడు. ఏం చెప్పాలో నాకు అర్థం కాలేదు.

జనం ఎప్పుడు వస్తారు?

నేను కష్టపడి రాసింది పిల్లలమర్రి కాకతీయుల గుడుల గురించి. జనం వచ్చింది మాత్రం పెద్దగట్టు జాతరకి. సూర్యాపేట పక్కనే దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే లింగమంతుల స్వామి జాతర అది. గుట్ట హైదరాబాద్-విజయవాడ హైవే పక్కనే కాబట్టి ఆ రోజుల్లో వాహనాల్ని వేరే దారిలో మళ్లిస్తారు. 2025 ఫిబ్రవరిలో జాతర జరిగినప్పుడు ఏ దారిన పోవాలో చెప్పే ఒక్క పేజీ, మిగతా సైటు మొత్తం నెల రోజుల్లో తెచ్చినంత మందిని నాలుగు రోజుల్లో తెచ్చింది. ఐదో రోజు? మళ్లీ నిశ్శబ్దం.

అంటే మన సైటులో రెండు రకాల పేజీలు ఉండాలి. పండక్కి పండక్కి పొంగేవి కొన్ని. ఏడాది పొడవునా ఎవరో ఒకరు వెతికేవి కొన్ని. రెండో రకమే అన్నం పెడుతుంది.

బాబాయ్ ట్రాక్టర్

నా సైటులో అందరికంటే ఎక్కువ మంది చూసే పేజీ మిర్యాలగూడ వడ్ల రేటు. మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు కదా. సీజన్‌లో మిల్లుల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. తెలిసినవాళ్లకు ఫోన్ చేసి రేటు కనుక్కుని పెట్టేవాణ్ని.

ఓసారి ఆఫీసులో రిలీజ్ పని మీద పడింది. నాలుగు రోజులు పేజీ ముట్టుకోలేదు. ఆ నాలుగో రోజు సాయంత్రం మా బాబాయ్ ఫోన్ చేశాడు. పచ్చి వడ్లు కోయించి, ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుని మిల్లు దగ్గరికి పోయాడంట. అక్కడ రేటు క్వింటాల్‌కు 150 తక్కువ చెప్పారు. వెనక్కి తెస్తే కిరాయి దండగ, ఆపితే వడ్లు మొలకెత్తుతాయి. ఇచ్చేసి వచ్చాడు.

‘నీ సైట్‌లో చూసే పోయిన్రా’ అన్నాడు. తిట్టలేదు. తిట్టినా బావుండేది.

ఆ పేజీ తీసేద్దామా అని రెండు రోజులు ఆలోచించా. తీసేస్తే సైటుకు వచ్చే డబ్బులో సగం పోతుంది. ఉంచితే ఇంకో బాబాయ్ ఇంకో ట్రాక్టర్ కట్టుకుని పోతాడు. చివరికి ఇంజినీర్ బుద్ధి పనికొచ్చింది. రేటు పక్కనే తేదీ, టైము పెద్ద అక్షరాలతో పెట్టా. 24 గంటలు దాటితే రేటు దానంతటదే మాయమై ‘ఈరోజు రేటు తెలియలేదు. మిల్లుకు ఫోన్ చేసి బయల్దేరండి’ అని కనిపించేలా కోడ్ రాశా. కిందే ప్రభుత్వ మద్దతు ధర, 2025-26కి సాధారణ రకం 2,369, ఏ గ్రేడ్ 2,389 రూపాయలని, తేమ 17 శాతం మించకూడదని పెట్టా. చూసేవాళ్లు కొంత తగ్గారు. తగ్గనీ.

వద్దనుకున్న డబ్బు

యాడ్‌సెన్స్ ఒక్కటే దారి కాదు. ఊళ్లో విత్తనాల షాపు, సూర్యాపేటలో కోచింగ్ సెంటర్ లాంటివాళ్లతో నేరుగా మాట్లాడి నెలకింత అని ప్రకటన పెట్టుకోవచ్చు. చిన్న ఊరి సైటుకు ఇదే నయం. వస్తువు లింకు పెట్టి, కొన్నప్పుడు కమీషన్ తీసుకునే పద్ధతి ఉంది. తెలుగు వికీపీడియాలాగా ఒక్క యాడ్ లేకుండా విరాళాల మీద నడిచేవీ ఉన్నాయి.

కానీ కొన్ని ఆఫర్లు అడక్కుండానే మెయిల్‌లోకి వస్తాయి. నాకూ బెట్టింగ్ యాప్ వాళ్ల నుంచి వచ్చింది. ఒక్క లింకు పెడితే, నా ఏడాది యాడ్ల డబ్బు కంటే ఎక్కువ ఇస్తామన్నారు. ఒక రాత్రంతా టెంప్ట్ అయ్యా, అబద్ధం చెప్పను. తెలంగాణలో ఆన్‌లైన్ జూదం 2017 నుంచే నిషేధం. 2025 మార్చిలో ఇలాంటి యాప్‌లను ప్రచారం చేసిన సెలబ్రిటీల మీదే కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రకటన ఇవ్వడాన్నీ నేరం చేసింది. చట్టం సంగతి అలా ఉంచండి. వడ్లమ్మిన డబ్బు ఫోన్లో ఉన్న మనిషికి నా పేజీలో ఆ లింకు చూపించడమా? మెయిల్ డిలీట్ చేశా.

మొదలుపెట్టాలనుకుంటే...

- బ్లాగర్‌లో ఫ్రీగా మొదలుపెట్టొచ్చు. సొంత పేరు కావాలంటే ఏడాదికి కొంత డబ్బు కట్టాలి.
- పేపర్ వార్తల్ని కాపీ కొట్టొద్దు. అది కాపీరైట్ తప్పు, పైగా యాడ్‌సెన్స్ అప్రూవల్ కూడా రాదు.
- 18 ఏళ్లు నిండకపోతే అమ్మానాన్నల్లో ఒకరి పేరు మీద ఖాతా ఉండాలి.
- వచ్చిన డబ్బు ఆదాయమే. ఐటీ రిటర్న్‌లో చూపించాలి.
- 2024 ఆగస్టు నుంచి మన దేశంలోనూ గూగుల్ పైనే ఏఐ జవాబు చూపిస్తోంది. ఎక్కడైనా దొరికే సమాచారం రాస్తే మీ పేజీ దాకా ఎవరూ రారు. ఊరికి వెళ్లి, ఫోన్ చేసి కనుక్కున్నది రాయండి.

ఇప్పుడు నా సైటు నెలకు తెచ్చేది నా ఇంటర్నెట్ బిల్లు, ఊరికి వచ్చిపోయే బస్ చార్జీలు. ఉద్యోగం మానే ఆలోచన లేదు. సైటు మూసే ఆలోచనా లేదు. మూయనిచ్చేవాళ్లు కూడా లేరు. సీజన్ మొదలైందంటే పొద్దున ఏడింటికల్లా ఫోన్ మోగుతుంది.

‘ఏరా, ఇయ్యాల తేదీ మారలేదేంది?’

బాబాయే.