నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన ఆగినట్లు కాదు

గత బక్రీదుకు మా అల్లుడు రాజమహేంద్రవరం నుండి కొత్త హైబ్రిడ్ కారులో పెద్దాపురం వచ్చాడు. బండిని మా వసారా ముందు నిలిపి, తాళంచెవి జేబులో ఉండగానే సంచులు అందుకొని లోపలికి నడిచాడు. వెనుక సీటులో నిద్రపోతున్న నాలుగేళ్ల మనవడిని పక్క పరచిన తర్వాత ఎత్తుకు వద్దామనుకున్నారు. తలుపు వేయగానే కారు కీచుకీచుమని అరిచింది. “లక్షలు పోసి కొన్న బండికి అప్పుడే ఏం రోగం వచ్చింది?” అన్నది మా శ్రీమతి. ఎవరూ పట్టించుకోలేదు. కొద్ది నిమిషాలకు, డ్రైవరు లేని ఆ బండిలో ఇంజను దానంతటదే మొదలైంది. పరుగున వెళ్లి చూస్తే మనవడు ముందు సీటులో స్టీరింగు పట్టుకొని కూర్చున్నాడు!

కారులో ఏ లోపమూ లేదు. ఆగిన బండికీ, నిశ్శబ్దంగా ఉన్న బండికీ తేడా మాకు తెలియకపోవడమే లోపం. అసలు ఆ అరుపు, “నన్ను ఆపకుండానే తాళం పట్టుకొని వెళ్లిపోతున్నావు” అన్న హెచ్చరిక.

హైబ్రిడ్ కార్లు కొత్తవి కావు. జపానులో టయోటా ప్రియస్ 1997 డిసెంబరులోనే అమ్మకానికి వచ్చింది. మన దేశంలో 2022లో హోండా సిటీ, మారుతి గ్రాండ్ విటారా, టయోటా హైరైడర్ వంటి వాటిలో హైబ్రిడ్ రకాలు వచ్చాక ఇవి మధ్యతరగతి ఇళ్లకూ చేరాయి. కనుక వీటి నడవడి నడిపేవారికే కాదు, ఇంటిల్లిపాదికీ తెలియాలి.

ఇంజను ఇష్టం వచ్చినట్లు ఎందుకు మొదలవుతుంది?

ఈ కారులో పెట్రోలు ఇంజనుతో పాటు విద్యుత్ మోటారు, దానికొక పెద్ద బ్యాటరీ ఉంటాయి. బ్రేకు తొక్కి బటను నొక్కితే తరచుగా ఏ శబ్దమూ రాదు. ‘రెడీ’ అనే దీపం మాత్రం వెలుగుతుంది. అది వెలిగిందంటే బండి కదలడానికి సిద్ధంగా ఉన్నట్లే. ఏసీ నడుస్తూ బ్యాటరీ తగ్గితే ఇంజను తానే మొదలై దానిని నింపి, తానే ఆగిపోతుంది. మా వసారా ముందు జరిగింది ఇదే.

ఇందులో ప్రాణాపాయం కూడా ఉంది. తాళం తిప్పే పనిలేని కార్లను ఆపడం మరచి, ఇంటిని ఆనుకొని ఉన్న గ్యారేజీలలో వదిలివేయడం వల్ల అమెరికాలో 2006 నుండి ఇరవై నలుగురికి పైగా మరణించారని 2018లో న్యూయార్క్ టైమ్స్ వెల్లడించింది. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి అది చేరిన సంగతే తెలియదు. తలుపులు మూసిన షెడ్డులో బండి పెట్టేవారు ఇది మరువరాదు.

తాళంచెవి సంగతులు

కారు పంపే బలహీనమైన రేడియో తరంగాన్ని అందుకొని తాళంచెవి జవాబిస్తుంది. అందుకే జేబులో నుండి తీయకుండానే తలుపు తెరుచుకుంటుంది. సెల్‌ఫోనును ఆనుకొని ఉంటే ఒక్కొక్కసారి ఆ జవాబు అందదు. రెంటినీ వేరువేరు జేబులలో ఉంచండి. టీవీ పక్కన పెడితే అందులోని నాణెం వంటి సెల్ త్వరగా తరిగిపోతుంది. సెల్ అయిపోయినా గాభరా పడనక్కరలేదు. చాలా మోడళ్లలో తాళంచెవి లోపలే చిన్న లోహపు తాళం దాగి ఉంటుంది. దానితో తలుపు తీసి, తాళంచెవిని స్టార్టు బటనుకు ఆనించి, బ్రేకు తొక్కి నొక్కితే బండి మేలుకుంటుంది.

హజ్ యాత్రకు వెళ్లేటప్పుడు

పెద్ద బ్యాటరీ కాక, దీపాలకూ తాళాలకూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది. నలభై రోజులు బండి కదలకపోతే అది నీరసించి, తిరిగివచ్చేసరికి తలుపులు పలకకపోవచ్చు. ఇంట్లో నమ్మకస్తులైన పెద్దవారికి అప్పగించి, వారానికొకసారి ఆరుబయట కొంతసేపు ‘రెడీ’లో ఉంచమని చెప్పండి. బ్రేకు తొక్కకుండా బటను నొక్కి రేడియో వింటూ కూర్చుంటే మాత్రం ఆ చిన్న బ్యాటరీ నిండదు సరికదా, ఇంకా తరుగుతుంది.

భయపడనక్కరలేని శబ్దాలు

బ్రేకు వేసినప్పుడు సన్నని ఝంకారం వినిపిస్తే, మోటారు ఆ వేగాన్ని విద్యుత్తుగా మారుస్తున్నదని అర్థం. మారేడుమిల్లి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే, పెట్రోలు కాలకపోయినా ఇంజను గట్టిగా మోగవచ్చు. అది బండి వేగాన్ని అదుపు చేస్తున్నది. వెనుక సీటు దగ్గర ఫ్యాను చప్పుడు చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేది. ఆ గాలి రంధ్రాలకు సామాను అడ్డం పెట్టకండి.

నిజంగా జంకవలసినవి వేరు. ఎర్ర దీపం వెలిగితే బండిని భద్రమైన చోట ఆపి, తెలిసినవారిని పిలవండి. నారింజ రంగు తొడుగున్న తీగలను ఎట్టి పరిస్థితిలోనూ ముట్టరాదు. అవి అధిక వోల్టేజీ తీగలు.

ఇప్పుడు మా ఇంట ఒక నియమం ఉంది. దిగేముందు గేరు ‘పి’లో ఉందో లేదో చూసి, బటను నొక్కి, ‘రెడీ’ దీపం ఆరిందని పైకి చెప్పాలి. పిల్లలందరూ దిగాకే తలుపు వేయాలి. మొన్న మా అల్లుడు ఆ మాట చెప్పడం మరచిపోతే, వెనుక నుండి మనవడే అడిగాడు: “అబ్బా, దీపం ఆరిందా?”