డ్రైవరు కెవరు బాధ్యులు?

పాతబస్తీలో వాడిన సరకులమ్మెడి సందులలో పాత ల్యాప్‌టాపు నొకదానిని చవకగా కొని, లినక్సు నెక్కించిన విద్యార్థికి, తెర వెలిగియు వైఫై మాత్రము మొండికెత్తినచో, ఆ లోపమునకు మూలము పెక్కుమార్లు డ్రైవరే యగును. అనగా పరికరమునకును లినక్సు మూలాంశమగు కెర్నెలునకును నడుమ ద్విభాషియై నిలుచు ప్రోగ్రాము.

1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన యీ కెర్నెలు లోపలి యేర్పాట్లు నిత్యము మారుచుండును. డ్రైవరు మూలకోడు కెర్నెలులోనే చేరియున్నచో, మార్పు చేసినవాడే దానిని గూడ సవరించును. వెలుపలనున్నదాని భారము దాని యజమానిదే. ఐనను తమ కోడును కెర్నెలులో చేర్చి దాని రీతికి లోబరచుట కొన్ని తయారీసంస్థలకు రుచింపదు.

ఈ వైరుధ్యము 2016 డిసెంబరులో స్ఫుటముగ బయల్పడెను. గ్రాఫిక్సు చిప్పులను తయారుచేయు ఏఎండీ సంస్థ, తెరపై దృశ్యమును నడపుటకై దాదాపు లక్ష పంక్తుల కోడును ముందుంచగా, కెర్నెలులో గ్రాఫిక్సు విభాగమును నిర్వహించు డేవ్ ఎయిర్లీ దానిని నిరాకరించెను. వేర్వేరు ఆపరేటింగు సిస్టములకు ఒకే కోడు పనికివచ్చునట్లు నడుమ నొక పొరను నిర్మించుట సంస్థకు లాభమే. కాని ఆ పొర వెనుక నేమి జరుగుచున్నదో యితరులకు బోధపడదు, సంస్థ తప్పుకొన్ననాడు భారమంతయు మిగిలినవారిపై బడును. కఠినమే యైనను, ఈ నిరాకరణము నాకు న్యాయముగనే తోచుచున్నది. ఎన్నో సవరణల పిదప ఆ కోడు, 2018 జనవరిలో వెలువడిన కెర్నెలు 4.15లో చేరెను.

చిరకాలము తన గ్రాఫిక్సు డ్రైవరును మూసియుంచిన ఎన్వీడియా సైతము 2022 మేలో కెర్నెలు మాడ్యూళ్ల, అనగా డ్రైవరులో కెర్నెలుతో కలిసి నడచు భాగముల, మూలకోడును వెల్లడించినది. ఐనను అవి కెర్నెలులో చేరక వెలుపలనే యున్నవి.