లెక్క రాసే చేతికి హాని కలిగించరాదు

నెలలో 7వ తేదీకి టీడీఎస్ కట్టాలి. 11న ఒక జీఎస్టీ రిటర్ను, 20న మరొకటి. మధ్యలో 15న ఉద్యోగుల ప్రావిడెంట్ ఫండ్. కంపెనీలో అకౌంటెంటుగా చేరిన మన పిల్లలకు నెలంతా ఈ తేదీల చుట్టూనే తిరుగుతుంది. కానీ అసలు కష్టం తేదీలతో కాదు.

మా దూరపు బంధువుల అబ్బాయి బీకాం చదివి విజయవాడలో ఒక ప్రైవేటు సంస్థలో లెక్కలు రాస్తున్నాడు. మొన్న రంజాన్ పండుగకు వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచి, "మామూ, కూలీల మేస్త్రీకి ఒకేరోజు 38,000 నగదు ఇచ్చారు. దాన్ని నాలుగు వోచర్లు చేసి నాలుగు తేదీల్లో రాయమంటున్నారు. సంతకం నాది. ఏం చేయమంటారు?" అని అడిగాడు.

ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో ఒప్పుకోరు. అందుకే ఈ ముక్కలు చేయడం. డబ్బు నిజంగానే ఇచ్చారు, మేస్త్రీ నిజంగానే పుచ్చుకున్నాడు. తేదీ ఒక్కటే అబద్ధం. ఇందులో తప్పేముందని చాలామంది అంటారు.

సత్యం కంప్యూటర్స్ సంగతి మనవాళ్లు మరచిపోలేదు. లేని నగదు, బ్యాంకు నిల్వలు 5,040 కోట్ల రూపాయల మేర పుస్తకాల్లో ఉన్నాయని 2009 జనవరి 7న దాని ఛైర్మనే లేఖ రాశారు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక న్యాయస్థానం 10 మందిని దోషులుగా తేల్చింది. పై కోర్టులో శిక్షల అమలు ఆగింది, అది వేరే మాట. ఆ పది మందిలో యజమానులే కాదు, ఫైనాన్సు విభాగంలో జీతానికి పనిచేసినవారూ ఉన్నారు.

పైగా 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పద్దులో జరిగే ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి. ఆ ఏర్పాటును ఆపేయడానికి వీలుండకూడదు. వెనుకటి గుమాస్తా చిట్టాలో కాగితం మార్చి కుట్టేసేవాడేమో, ఇప్పుడది కుదరదు. (జమ, బాకీ, వసూలు... మన తెలుగు చిట్టాలో ఈ మాటలన్నీ అరబీ నుంచి వచ్చినవే.)

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ లెక్క రాయడం గురించే. బఖరా సూరాలో 282వది. గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకుంటే రాసుకోవాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా విసుక్కోవద్దని అందులో ఉంది. చివరలో, రాసేవాడికి గానీ సాక్షికి గానీ హాని కలిగించరాదన్న ఆజ్ఞ ఉంది. రాసేవాడు ఇతరులకు హాని చేయరాదన్న అర్థాన్నీ వ్యాఖ్యాతలు చెప్పారు. రెండు అర్థాలూ మా అబ్బాయి బల్ల దగ్గరికి వస్తాయి.

బ్యాంకు వడ్డీ పద్దు మాటేమిటని కొందరు అడుగుతారు. వడ్డీ పత్రం రాసేవాడి గురించి హదీసులో తీవ్రమైన హెచ్చరిక ఉంది. మామూలు వ్యాపార సంస్థలో జమాఖర్చులు నమోదు చేయడం దాని కిందికి వస్తుందా అన్న విషయంలో ఉలమాల అభిప్రాయం ఒకటి కాదు. ఎవరి ఉద్యోగం వివరాలు వారు ముఫ్తీగారికి చెప్పి అడగడం మేలు.

వోచర్ల విషయంలో మాత్రం ముఫ్తీ దాకా పోనవసరం లేదనిపించింది. మేస్త్రీకి బ్యాంకు ఖాతా ద్వారా చెల్లిస్తే ఖర్చు చెల్లుతుంది, అబద్ధమూ ఉండదు. ఈ మాటే మర్యాదగా, కాగితం మీద రాసి ఇవ్వమన్నాను. ఇచ్చాడు. మరుసటి నెల నుంచి మేస్త్రీకి ఖాతాలోనే వేస్తున్నారు. పాత 38,000 మాత్రం ఉన్నది ఉన్నట్టే ఒకే తేదీన రాశాడు. దానిపై పన్ను పడింది. యజమాని రెండు నెలలు సరిగా పలకరించలేదు, ఈ ఏడు జీతమూ పెంచలేదు.

మనలోనూ దుకాణాలు, లారీలు, మిల్లులు నడిపేవారున్నారు. వారి దగ్గరా ఇలాంటి కుర్రవాళ్లు లెక్కలు రాస్తున్నారు. హాని కలిగించరాదన్న మాట మొదట వారికే. మా అబ్బాయి తల్లి మాత్రం, "జీతం సంగతి తర్వాత, రాత్రిపూట నిద్రపోతున్నాడు బాబాయ్" అంది.