టక్కుమంటే ఆగిపోవాలి!

పాత సినిమాల్లో బంగళా పోర్టికోలోకి అంబాసిడర్ కారు దర్జాగా వచ్చి ఆగడం మీరంతా చూసే ఉంటారు. తలుపు తెరుచుకుంటుంది, మెరిసే బూటు నేల మీద పడుతుంది, మ్యూజిక్ మోగుతుంది... అంతా బాగానే ఉంటుంది. కాని ఆ కారు వెళ్లిపోయాక నేల మీద ఏం మిగిలిందో కెమెరా ఎప్పుడైనా చూపించిందా? నా కారైతే అరచెయ్యంత ఆయిలు మరక మిగిల్చేది!

అది మా నాన్నగారి కారు. 1972 నాటి మార్క్ టూ. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఇంటి ముందు ఎండకీ వానకీ పడి ఉంది. "తుక్కువాడికి ఇచ్చెయ్యరా, దాన్ని చూస్తే మనసు పాడవుతోంది" అని అమ్మ పోరు. సరిగ్గా అప్పుడే ఒక ప్రొడక్షన్ మేనేజరు ఫోన్ చేశాడు. డెబ్భైల నాటి కథట. మూడు రోజులకి కారు కావాలట. షరతు మాత్రం ఒకటే.

"పాతబస్తీలో పాత దేవిడీ తీసుకున్నాం గురూగారూ. చలవరాతి నేల. ఆయిలు మరక పడితే ఓనరు ఊరుకోడు. శుక్రవారం వచ్చి చూస్తాను."

నేనేం చేశాను? బానెట్ ఎత్తి, ఆయిలు కనబడ్డ చోటల్లా పానా పెట్టి, ఉన్న బలమంతా వేసి బిగించాను. తృప్తిగా నిద్రపోయాను. తెల్లారి చూద్దును కదా, మరక రెండింతలయింది!

ఖిల్వత్ పక్క సందులో...

చార్మినార్ దాటి ఖిల్వత్ వైపు వెళితే చౌమహల్లా ప్యాలెస్. అక్కడ పసుపుపచ్చ రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంటుంది. 1912 నాటిది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డరిచ్చిన కారు అది. కారు చేరకముందే, 1911లో, ఆయన కన్నుమూశారు. ఆ కారు కథ తలుచుకున్నప్పుడల్లా నాకు మా నాన్నే గుర్తొస్తారు. నన్ను పంపించిన మిత్రుడు చెప్పిన షెడ్డు ఆ ప్యాలెస్‌కి కాస్త దూరంలోనే, ఓ ఇరుకు సందులో ఉంది.

ఉస్తాద్ బానెట్‌లోకి తొంగి చూసి అడిగిన మొదటి ప్రశ్న - "దీన్ని ఎవరు బిగించారు సాబ్?"

"నేనే."

"మాలూమ్ హోరా!" అని నవ్వారాయన.

గంటసేపు ఆయన పానా ముట్టుకోలేదు! ఇంజనంతా కిరసనాయిలుతో కడిగించి, పొడిగుడ్డతో తుడిపించి, స్టార్టు చేసి, టార్చిలైటు పట్టుకుని కూర్చున్నారు. "ఆయిలు పైన పుడుతుంది, కిందికి కారుతుంది, గాలికి వెనక్కి పోతుంది. చుక్క పడ్డ చోటు చూసి బిగిస్తే ఏం లాభం?" అన్నారు.

దొంగలు ఇద్దరు దొరికారు. పైన టాపెట్ కవరు, కింద ఆయిలు చాంబరు. వాళ్ల వెనక అసలు విలన్ ఒకడున్నాడు. బ్రీదర్ పైపు! దాన్నిండా నల్లటి మడ్డి. పిస్టన్ల పక్కనుంచి దిగే గ్యాసు బయటికి పోయే దారి అదే. అది మూసుకుంటే లోపలి ఒత్తిడి ప్రతి అతుకులోంచీ ఆయిలును బయటికి తోస్తుంది. ముందు దాన్ని శుభ్రం చేయించారు.

తర్వాత టాపెట్ కవరు విప్పి, అంచు మీద స్కేలు పెట్టి చూపించారు. నా బలానికి రేకు వంగిపోయింది! కవరు మీద ఉండేవి రెండే నట్లు. వాటిని అతిగా బిగిస్తే దగ్గర్లో కార్క్ ప్యాకింగు నలిగిపోతుంది, దూరంగా అంచు పైకి లేస్తుంది. ఆయిలుకి కొత్త దారి తీసిపెట్టింది నేనేనన్నమాట! చాంబరు అంచులోనూ ప్రతి బోల్టు దగ్గరా రేకు గుంటపడి ఉంది. ఇనుపదిమ్మ మీద పెట్టి, చిన్న సుత్తితో మెల్లగా తట్టి రెండింటినీ చదును చేశారు. పాత ప్యాకింగు గీకేసి, కొత్తది వేశారు.

పెట్టెలోంచి వచ్చిన హీరో

అప్పుడు గుడ్డలో చుట్టిన ఓ పెట్టె తెరిచారు. లోపల టార్క్ రెంచి! చూడ్డానికి పొడవాటి పానాలాగే ఉంటుంది. పిడి మీద అంకెలుంటాయి. ఎంత బిగువు కావాలో ఆ అంకె దగ్గర పెట్టి తిప్పితే, అంత బిగువు రాగానే టక్కుమంటుంది. న్యూయార్క్ నీటి సరఫరా శాఖలో పనిచేసిన కాన్రాడ్ బార్ అనే ఆయన 1918లో దీన్ని తయారు చేశాడంటారు. ఆయన బాధా మన బాధే. పైపుల బోల్టుల్ని పనివాళ్లు అతిగా బిగించేస్తున్నారని!

లెక్క తేలికే. అడుగు పొడవున్న పిడి చివర 4 పౌన్ల బలం వేస్తే 4 అడుగు-పౌన్లు. ఈ ఇంజను హెడ్డు నట్లకి దాదాపు 40 కావాలి. టాపెట్ కవరుకో? దాదాపు 4 చాలు! అంటే పిడి చివర రెండు కిలోలైనా లేని బరువు. చాంబరు బోల్టులకి 6. నేనెంత లాగానో ఆ దేవుడికే తెలియాలి.

"మీ చేతికి తెలియదా ఉస్తాద్?" అన్నాను.

"చెయ్యి పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది సాబ్. దీనికి ఆకలి లేదు, కోపం లేదు."

చివరి బోల్టులు నా చేత బిగింపించారు. ఒక మూలనుంచి వరసగా కాదు, ఎదురెదురుగా, రెండు విడతల్లో. టక్! ఇంకొక్క పట్టు పట్టమని చెయ్యి లాగుతోంది. "బస్!" అని అరిచారు ఉస్తాద్. టక్కుమన్నాక లాగితే మళ్లీ మొదటికే!

సొంతంగా చేద్దామనుకునే తమ్ముళ్లకి రెండు మాటలు. చిన్న బోల్టులకి చిన్న రెంచే వాడాలి, పెద్ద రెంచి తక్కువ అంకెల దగ్గర నమ్మకంగా పలకదు. దాంతో బోల్టులు విప్పకూడదు. పనయ్యాక అంకెను అడుక్కి దించి దాచాలి.

శుక్రవారం వచ్చింది

రాత్రి కారు కింద పాత పేపర్లు పరిచాను. పొద్దున్నే వంగి చూశాను. ముందంతా తెల్లగా ఉంది. వెనకవైపు మాత్రం రూపాయి బిళ్లంత మచ్చ!

ఉస్తాద్ ముందే చెప్పారు. ఆ కాలపు ఈ ఇంజన్లలో క్రాంక్ షాఫ్టు వెనక రబ్బరు సీలు ఉండదు. షాఫ్టు మీద మరలాంటి గాడి ఉంటుంది, తిరిగేటప్పుడు అదే ఆయిలును లోపలికి నెడుతుంది. బండి ఆగితే చుక్క రాలచ్చు. ఏ పానాతోనూ కుదరని జబ్బది.

మేనేజరుకి దాచకుండా చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "షాట్ ఎంతసేపండీ? కట్ చెప్పగానే కింద ట్రే పెట్టిద్దాం" అన్నాడు.

మూడు రోజులూ మా కారు పోర్టికోలోకి వచ్చింది, ఆగింది, వెళ్లింది. చలవరాయి చలవరాయిలాగే ఉంది.

అన్నట్టు, ఆ మధ్యలో తుక్కువాడు మళ్లీ వచ్చాడట. గేటు దగ్గర్నుంచే అమ్మ చెప్పి పంపించేసింది - "కారు ఇంట్లో లేదు నాయనా, షూటింగుకి వెళ్లింది!"