విమాన సంస్థల విలీనాలు : దివిసీమ పీతల బేరానికి ఉన్న లంకె

మచిలీపట్నం : ఒక విమాన సంస్థ మూతపడినా, మరొకదానిలో కలిసిపోయినా అది పట్నవాసపు ప్రయాణికుల గొడవేనని డెల్టా వర్తకులు అనుకోవడం కద్దు. కాని నాగాయలంక, కోడూరు ప్రాంతాలలో పీతలు పెంచేవారికీ, పట్టేవారికీ ఇది నేరుగా తగిలే విషయం. రొయ్యలను గడ్డకట్టించి ఓడలో పంపవచ్చు. పీతకు మాత్రం బ్రతికి ఉంటేనే విదేశాలలో మంచి ధర. కనుక కాళ్ళు కట్టి, బుట్టల కెత్తి, చెన్నై చేర్చి విమానం ఎక్కించవలసిందే. ప్రయాణికుల విమానాల అడుగు అరలు ఇందుకు ముఖ్యమైన ఆధారం. విమానాలు తగ్గితే అరలలో చోటు తగ్గుతుంది, కిరాయి పెరుగుతుంది. ఆ పెరిగిన కిరాయిని ఎగుమతిదారు చెరువు గట్టున ఇచ్చే ధరలోనే కోసుకుంటాడు. 2020 ఆరంభంలో కరోనా వల్ల చైనాకు ఎగుమతి ఆగినప్పుడు పీతల ధర పడిపోవడం ఈ ప్రాంతం చూసింది. ఆ మార్చి 23న ఆగిన అంతర్జాతీయ రెగ్యులర్ సర్వీసులు తిరిగి 2022 మార్చి 27న గాని మొదలు కాలేదు.

సీటుకు గిడ్డంగి లేదు

గుడివాడ మిల్లరు గిరాకీ లేనప్పుడు బియ్యాన్ని గోడౌనులో ఉంచి, ధర వచ్చాక అమ్ముకోగలడు. విమానం లేచిన మరుక్షణం ఖాళీ సీటు విలువ సున్న. సీట్లు నిండినా, నిండకపోయినా విమానం అద్దె, పైలట్ల జీతాలు, విమానాశ్రయ రుసుములు తప్పవు. అద్దెలో ఎక్కువ భాగం డాలర్లలో చెల్లించాలి గనుక రూపాయి తగ్గినప్పుడల్లా భారం పెరుగుతుంది.

అన్నిటినీ మించినది ఇంధనం. విమానానికి పోసేది బాగా శుద్ధి చేసిన కిరసనాయిలు జాతి నూనె. మన దేశంలో విమాన సంస్థల ఖర్చులో ఇది సుమారు 40 శాతం. చమురు కంపెనీలు నెల మొదటి తేదీన కిలోలీటరు లెక్కన ధర సవరిస్తాయి. 2017లో జి.యస్.టి. వచ్చినా ఈ ఇంధనాన్ని అందులో చేర్చలేదు. రాష్ట్రానికొక రకంగా వ్యాటు పడుతున్నది.

కలిసినంత మాత్రాన గట్టెక్కలేదు

విలీనాలు మనకు కొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మిగులు డకోటా విమానాలు చౌకగా దొరకడంతో కంపెనీలు పుట్టుకొచ్చాయి. ప్రయాణికులు అంతగా పెరగలేదు. చివరకు 1953 ఆగస్టు 1న హైదరాబాదు సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది దేశీయ సంస్థలను ప్రభుత్వం ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపింది.

2007లో మరొక తడవ వచ్చింది. జెట్ సంస్థ ఎయిర్ సహారాను కొన్నది. కింగ్‌ఫిషర్ ఎయిర్ దక్కన్‌ను చేజిక్కించుకున్నది. ప్రభుత్వం ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లను కలిపింది. మరుసటి ఏడు జులైలో ముడి చమురు పీపా 147 డాలర్ల వరకు ఎగబాకింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో, జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఎయిరిండియా ప్రభుత్వ ఖజానా ఆసరాతో నిలిచి, 2022 జనవరిలో టాటాల పరమయింది. కారణం తేలికైనదే. నష్టాల్లో ఉన్న రెండు మిల్లులను కలిపితే రెండింటి అప్పులూ ఒకచోట చేరుతాయి గాని ధాన్యం పెరగదు. ఒకే దారిలో తిరిగే బళ్ళను తగ్గించి, సిబ్బందిని సర్ది, అప్పు తీర్చే పెట్టుబడి తెస్తేనే విలీనం ఫలిస్తుంది.

చిన్న సంస్థలకు ఆ అవకాశమూ చిక్కలేదు. విజయవాడ కేంద్రంగా 2013 అక్టోబరులో మొదలైన ఎయిర్ కోస్టా 2017 ఫిబ్రవరి ఆఖరున నిలిచిపోయింది. హైదరాబాదు సంస్థ ట్రూజెట్ 2015 నుంచి 2022 ఆరంభం వరకు నడిచింది. నాలుగైదు విమానాలున్న సంస్థకు ఒక్కటి మూలబడినా టైంటేబులు తలక్రిందులవుతుంది.

మిగిలినవి రెండే

2024 అక్టోబరులో ఎయిరేషియా ఇండియాగా పేరుపడిన సంస్థ ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్‌లోను, నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలోను కలిశాయి. దీనితో 2025 నాటికి దేశీయ ప్రయాణికులలో పదింట సుమారు తొమ్మిది వంతులు ఇండిగో, ఎయిరిండియా వర్గాల చేతికి వచ్చారు. సంస్థలు బ్రతికినందుకు మేలే. కాని 2025 డిసెంబరు మొదటి వారంలో, పైలట్ల పని గంటల కొత్త నిబంధనలకు సిద్ధంగా లేక ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పుడు రెండవ దారి కనబడలేదు. ఛార్జీలకు కేంద్రం గరిష్ఠ పరిమితి విధించవలసి వచ్చింది.

కొనుగోలుదారు ఒక్కడే అయితే రైతుకు ఏమవుతుందో ఈ డెల్టాకు వేరే చెప్పనక్కరలేదు. రవాణాదారు ఒక్కడే అయినా అంతే. పీతల బేరం కుదుర్చుకునేవారు చైనా కొత్త సంవత్సరపు గిరాకీతో పాటు, నెల మొదటి తేదీ ఇంధన ధరనూ, డాలరు రేటునూ, చెన్నై నుంచి లేచే విమానాల సంఖ్యనూ గమనించడం మంచిది. పీత బుట్టలో ఉండగలిగేది కొద్ది రోజులే. విమానం దొరకదని తెలిశాక పట్టిన సరుకుకు అడిగినంత ధర రాదు.