లెక్కకెక్కని పద్దు

కృష్ణా పశ్చిమ డెల్టాలోని యొక గ్రామమున ఇటీవల జరిగిన కుటుంబపు పంపకములకు పెద్దమనుష్యుల సరసన మేమును గూర్చుంటిమి. గృహయజమాని పక్షవాతముచే ఆరేండ్లు మంచమునబడి గతించెను. కుమారులిద్దరిలో నొకరు గ్రామముననే యుండి సేద్యము చేయించుచున్నారు. రెండవవారు హైదరాబాదున ఉద్యోగము చేయుచున్నారు. వీరిరువురికంటె పెద్దదైన కుమార్తె, భర్త గతించిన పిదప పుట్టినింటికి వచ్చి, ఆ యారేండ్లును తండ్రికి స్నానము చేయించుట, అన్నము తినిపించుట, పక్క మార్చుట, రాత్రులు మేలుకొనియుండుట మున్నగు పనులన్నిటిని తానే నిర్వహించినది.

వాడుక ప్రకారము జమాఖర్చుల పుస్తకము ముందుకు వచ్చినది. సేద్యము చేయించు కుమారుడు లెక్కలయందు నిక్కచ్చియైనవాడు. పాలేళ్ల జీతములు, ఎరువుల ఖరీదు, ట్రాక్టరు బాడుగ, ఆసుపత్రి బిల్లులు, మందుల దుకాణపు బాకీలు తేదీలతో సహా వ్రాసియున్నవి. ఒక పుటయందు మా దృష్టి నిలిచినది. శస్త్రచికిత్స జరిగి కుమార్తె మూడు నెలలు లేవలేని కాలమున, రోగిని చూచుకొనుటకు గుంటూరునుండి యొక మనిషిని కుదిర్చినారు. నెలకు 18 వేల రూపాయల చొప్పున 54 వేలు ఖర్చు వ్రాసినారు. ఆరేండ్లకు 72 నెలలు గదా! అందు మూడు నెలల పనికి పద్దు కలదు. తక్కిన 69 నెలల పనికి పద్దు లేదు. అదే ధరకు కట్టినచో అది 12 లక్షల 42 వేల రూపాయలగును.

లెక్కలు ముగిసిన తరువాత దస్తావేజు లేఖరి ముందుగనే వ్రాసి తెచ్చిన హక్కు విడుదల కాగితమును తీసినాడు. ఒక చీర, పసుపుకుంకుమలు పళ్లెరమున నుంచినారు. "అక్కయ్యా, ఇక్కడ సంతకము పెట్టు" అని తమ్ముడు ప్రేమతోనే కలము చేతికిచ్చినాడు. అంతవరకు ద్వారబంధమునకు ఆనుకొని నిలిచియున్న ఆమె కాగితమును గాక ఖర్చు పుస్తకమును చేతికి తీసికొని, "ఆ మూడు నెలలది వ్రాసినావు గదరా తమ్ముడూ, దాని క్రిందనే మిగిలినవి కూడ వ్రాయి, తరువాత సంతకము పెట్టెదను" అన్నది. సభ నిశ్శబ్దమైనది. మేమును మాటాడలేదు. శ్రావణమాసమున మరల కూర్చుండవలెనని చెప్పుకొని అందరును లేచితిమి.

ఆనాటి మా మౌనమును గూర్చి మేము సిగ్గుపడుచున్నాము. శాస్త్రము తెలియక మౌనము వహించితిమా యన్న నట్లు గాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, వీలునామా వ్రాయక గతించిన తండ్రి యాస్తిలో కుమార్తెను కుమారునితో సమానమైన వారసురాలిని చేసినది. అంతకుముందు 1937 చట్టము వితంతువునకిచ్చినది జీవితకాలపు అనుభవము మాత్రమే కాగా, ఇది స్త్రీకి సంపూర్ణస్వామ్యము నిచ్చినది. ఉమ్మడి పితృార్జితమున మాత్రము కుమార్తెకు జన్మహక్కు లేకపోయెను. ఈ కొరతను తీర్చుటలో మన రాష్ట్రము దేశమునకు త్రోవ చూపిన వానిలో నొకటి. ఎన్. టి. రామారావు ప్రభుత్వకాలమున, 1985 సెప్టెంబరు 5 మొదలుకొని, కుమార్తెయు ఉమ్మడి కుటుంబమున పుట్టుకతోనే భాగస్వామి యగునట్లు ఆంధ్రప్రదేశము చట్టమును సవరించినది. అప్పటికే వివాహమైనవారికి ఆ హక్కు లేకుండెను. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణము ఆ భేదమును తొలగించినది. ఆ తేదీనాటికి తండ్రి జీవించి యుండవలెనా యను వివాదమును గూడ, అట్లుండ నక్కరలేదని 2020 ఆగస్టు 11న సుప్రీము కోర్టు తీర్చినది. 2004 డిసెంబరు 20కి పూర్వము రిజిస్టరు దస్తావేజు ద్వారా గాని కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకములను మాత్రము తిరుగదోడ వీలులేదు. ఇంతకంటె స్పష్టమైన శాసన మేమి కావలెను?

అయినను శాసనము కచేరీలోనే నిలిచిపోయినది. ఇంటి వాకిలి దాటి లోనికి రాలేదు. 2015-16 వ్యవసాయ గణనమున, దేశములోని సేద్యపు కమతములలో స్త్రీల పేర నున్నవి నూటికి పదునాలుగైనను నిండలేదు. నాట్లు, కలుపులు, కోతలయందు స్త్రీలు లేని పొలమును మన డెల్టాలో చూపగలవారు లేరు. చేతులు పొలములో నున్నవి. పేరు పాసుపుస్తకములో లేదు. చట్టము ఇచ్చినదానిని ఆచారము ఒక చీరకు కొనుచున్నది.

దీనికి మన పాఠకమహాశయులలో పెక్కుమంది చెప్పు సమాధానములను మేమెరుగుదుము. కట్నరూపమున ఆమె భాగము ముందే ముట్టినదందురు. 1961 చట్టము కట్నమును నేరముగ జేసినది. నేరమును చెల్లుగా వ్రాసికొనుట యే జమాఖర్చు పద్ధతియో మాకు తెలియదు. అదిగాక ఆ ధనము చేరినది వరుని యింటికి. ఆమె పేర నిలిచినది స్వల్పము. భూమి ముక్కలగునని మరికొంద రందురు. నలుగు రన్నదమ్ములు పంచుకొన్నను ముక్కలే యగును. ఆ భయముచే కడపటి తమ్ముని భాగము వదులుకొమ్మని యడిగినవారిని మేము చూడలేదు. సేద్యము ఉమ్మడిగనే సాగించి, ఆమె భాగమును ఆమె పేర వ్రాసి, ఏటి కౌలు ఆమెకు ముట్టజెప్పుట కెట్టి యభ్యంతరమును లేదు.

మూడవ సమాధానము మిక్కిలి మృదువైనది గనుక మిక్కిలి బలమైనది. ఇంటిపని, రోగిసేవ ప్రేమతో చేయునవి. వానికి ఖరీదు కట్టుట అపచారమందురు. తండ్రికి కుమారునిపై గల ప్రేమ భూమిని అతని పేర వ్రాయుట కడ్డురాలేదు. కుమార్తె ప్రేమ మాత్రమే పద్దునకు అడ్డమెట్లగును? ప్రేమకు ఖరీదు కట్టుమని ఎవ్వరును కోరుట లేదు. ఆమె వెచ్చించిన కాలమును కాలముగను, శ్రమను శ్రమగను గుర్తింపుమని కోరుచున్నారు. ఆ మూడు నెలలు కుదిర్చిన మనిషికి జీతమిచ్చునప్పుడు ఆ యింటివారికి అపచారము తోచలేదు గదా!

ఆ కాలమెంతయో ప్రభుత్వమే లెక్కించినది. 2024 కాలవినియోగ పరిశీలనములో, వేతనము లేని ఇంటిపనికై ఆ పని చేసిన స్త్రీలు దినమునకు సగటున 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు వెచ్చించినట్లు తేలినది. ఇంటిలోని పిల్లలను, వృద్ధులను, రోగులను చూచుకొనుటకు స్త్రీలకు 137 నిమిషములు, పురుషులకు 75 నిమిషములు పట్టినవి. ఇంటిపని మాత్రమే తీసికొని ఎనిమిది గంటల దినముగ కట్టినచో స్త్రీకి సంవత్సరమునకు సుమారు 220 పనిదినములగును. 2019 పరిశీలనమున ఇంటిపని కాలము స్త్రీకి 299, పురుషునికి 97 నిమిషములుగ నుండెను. అయిదేండ్లలో స్త్రీకి పది నిమిషములు తగ్గినవి, సంతోషమే. కాని వానిని పురుషుడు అందుకొనలేదు. అతనికిని తొమ్మిది తగ్గినవి. అదిగాక ఆ 2019 పరిశీలనమున, ఇంటిపనిలో ఏ కొంచెమైనను చేయి వేసిన పురుషులు నూటికి ఇరువదియారుగురు, స్త్రీలు ఎనుబదియొక్కరు. కావున పై సగటులు పని చేసిన పురుషులవే. చేయనివారు వానిలో లేరు.

ఈ విచారము పాశ్చాత్యదేశములనుండి దిగుమతియైనదని యెవ్వరును తలపవలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ఇల్లు వెడలని స్త్రీలకు నూలు పని ఇంటికే పంపి కూలి చెల్లింపవలెననియు, కూలి ఆలస్యము చేసిన అధికారి దండనార్హుడనియు సూత్రాధ్యక్ష ప్రకరణము విధించుచున్నది. చాళుక్య విక్రమాదిత్యుని కాలమున కల్యాణమున వెలసిన మితాక్షరలో విజ్ఞానేశ్వరుడు, వారసత్వము వలనను, క్రయము వలనను, విభాగము వలనను వచ్చిన ధనమును గూడ స్త్రీధనముగ నంగీకరించెను. ఆ విశాలార్థమును కుదించి, వారసత్వముగ వచ్చినదానిపై స్త్రీకి పరిమితహక్కు మాత్రమే యన్నది లండనులోని ప్రీవీ కౌన్సిలు. ధర్మశాస్త్రము పేరు చెప్పి సోదరికి భాగము నిరాకరించువారు ఎవరి ధర్మశాస్త్రమును పాటించుచున్నారో యోచింతురు గాక!

జాతీయోద్యమము చేసిన వాగ్దానమును గూడ జ్ఞప్తికి తెచ్చుట మా విధి. 1938లో సుభాష్ చంద్రబోసు కాంగ్రెసు అధ్యక్షుడుగ నుండగా, జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన జాతీయ ప్రణాళికా సంఘ మేర్పడెను. మరుసటి యేడు రాణీ లక్ష్మీబాయి రాజవాడే అధ్యక్షతన స్త్రీలను గూర్చిన ఉపసంఘమును నియమించిరి. గృహమున స్త్రీ చేయు పనికి ఆర్థికమైన విలువ కలదనియు, కుటుంబాదాయమున కొంతభాగముపై ఆమెకు స్వతంత్రాధికార ముండవలెననియు ఆ యుపసంఘము సూచించినది. ఆ నివేదిక అచ్చుపడినది 1947లో. స్వరాజ్యము వచ్చినది, నివేదిక అలమరలో నుండిపోయినది.

న్యాయస్థానములు మాత్రము ఆ మాటను మరల నెత్తుకొనుచున్నవి. 2021 జనవరిలో మోటారు ప్రమాద పరిహారపు కేసున, కృష్ణాజిల్లా పొన్నవరమున రైతుకుటుంబమున జన్మించిన న్యాయమూర్తి ఎన్. వి. రమణ, 2011 జనాభా లెక్కల ప్రకారము ఇంటిపనియే ముఖ్యవృత్తిగ చెప్పుకొన్న స్త్రీలు సుమారు 16 కోట్లనియు, పురుషులు 58 లక్షలైనను లేరనియు చూపి, గృహిణి శ్రమకు ఆదాయము కట్టుట ఆ శ్రమను గుర్తించుటయే యని వ్రాసిరి. మరణించిన గృహిణికి కోర్టు కట్టు విలువను, జీవించియున్న గృహిణికి ఇల్లు కట్టలేకపోవుట ఎంత విపరీతము! 2023 జూనులో మద్రాసు హైకోర్టు మరియొక యడుగు ముందుకు వేసినది. విదేశమున ఉద్యోగము చేసిన భర్త సంపాదనతో కొన్న ఆస్తులలో, ఇల్లు నడిపిన భార్య శ్రమయు కలిసియున్నదని చెప్పి సమానభాగము నిచ్చినది. ఆ తీర్పు మన రెండు రాష్ట్రములను కట్టుపరచకపోయినను, మన శాసనసభలకు త్రోవ చూపుచున్నది.

అయితే భూమిలో భాగమిచ్చుటతోనే ఋణము తీరదు. పాసుపుస్తకము చేతికి వచ్చినను, మంచమున రోగి, చంకన బిడ్డ, పొయ్యిపై ఎసరు ఉన్న స్త్రీ, బ్యాంకునకెప్పుడు పోవును? మార్కెటు యార్డునకెప్పుడు పోవును? ఆస్తిని అనుభవించుటకు కాలము కావలెను. ఆ కాలము ఆమెకు పురుషుడు ఇంటిపని పంచుకొన్ననే లభించును. శిశుసంరక్షణ కేంద్రములు, వృద్ధుల సేవాసదుపాయములు కల్పించుట ప్రభుత్వము పని. తండ్రికి రాత్రి పక్క మార్చుట కుమారుని పని. కుష్ఠువ్యాధి పీడితుడై సేవాగ్రామము చేరిన సంస్కృత పండితుడు పర్చురే శాస్త్రికి గాంధీజీ స్వహస్తములతో తైలమర్దనము చేసిరి. దానివలన ఆయన మహత్త్వము తగ్గినదని యెవ్వరును అనలేదు. ఆశ్రమములో పురుషుడు వండెను, పారిశుధ్యపు పని చేసెను. ఆ నియమము మన యింటి గడపవద్ద ఏల ఆగిపోవలెను?

మా పాఠకులు భూములు గలవారు. పంపకములకు పెద్దలుగ పిలువబడువారు. ప్లీడర్లు, ఉపాధ్యాయులు, ఉద్యోగులు. మీరు కోరినచో ఈ మార్పునకు క్రొత్త చట్టము రానక్కరలేదు. హక్కు విడుదల కాగితముపై సాక్షి సంతకము చేయుటకు ముందు, నీ భాగము విలువ ఇంతయని ఆమెతో చెప్పినారా యని యడుగుడు. చెప్పనిచో సాక్షి సంతకము చేయకుడు. జీవించియున్నప్పుడే కుమార్తె భాగమును వ్రాతలో పెట్టుడు. భార్య పేర కొంత భూమియో, ఆదాయములో నియతభాగమో నిర్ణయింపుడు. ఇంట రోగి యున్నచో వారములో ఏ రాత్రులు కుమారులవో నిర్ణయించి గోడమీది క్యాలెండరుపై గుర్తు పెట్టుడు.

శ్రావణమాసమున మేము మరల ఆ గ్రామమునకు పోవలసియున్నది. ఈ తడవ మౌనము వహింపము. ఆ ఖర్చు పుస్తకమును తెరచి, మూడు నెలల పద్దు క్రింద 69 నెలల పద్దు వ్రాయించి, పిమ్మట భూమిని మూడు సమభాగములు చేయవలెనని చెప్పుదుము. వినుట, వినకపోవుట ఆ సోదరుల యిష్టము. కాని ఆ పద్దు లేని పుస్తకముపై, లెక్క సరిపోయినదని మా సంతకము మాత్రము పడదు.