పాత లారీకి మరో స్టీరింగ్ బాక్సు

ఈసారి సంచికకు కథో కవితో కాకుండా, షెడ్డులో మేము చేసే ఒక పని గురించి రాస్తున్నాము. మాక్లూర్ చుట్టుపక్కల నుంచి హాస్టల్‌కు వచ్చిన మనలో ఎందరి తండ్రులో చెరకు లారీల మీద డ్రైవర్లుగా, క్లీనర్లుగా బతికారు. కనుక ఇది మన ఇంటి సంగతే.

1937లో నిజాం ప్రభుత్వం బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ పెట్టింది. అది 2015 డిసెంబరులో మూతపడింది. దగ్గరున్న ఫ్యాక్టరీ పోయాక చెరకు దూరం తోలవలసి వచ్చింది. నిండు లోడుతో దూరం పోయే పాత లారీకి బ్రేకు ఎంతో స్టీరింగూ అంతే.

స్టీరింగ్ బాక్సులో ఏముంటుంది? చక్రం తిప్పితే మరలాంటి వర్మ్ షాఫ్ట్ తిరుగుతుంది. దాని మీద ఉక్కు గోళీలతో నడిచే నట్టు ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఆ నట్టు పళ్లు సెక్టార్ షాఫ్ట్‌ను తిప్పుతాయి. దానికి బిగించిన డ్రాప్ ఆర్మ్ డ్రాగ్ లింకును తోస్తే ముందు టైర్లు తిరుగుతాయి. లారీ ఎక్కువగా నేరుగానే పోతుంది కాబట్టి పళ్లు నడిమధ్యనే ముందుగా అరుగుతాయి. అప్పుడు చక్రం ఊరికే ఆడుతుంది.

ఆట ఎంతవరకు ఉండవచ్చు? 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 98వ నియమం ప్రకారం 30 డిగ్రీలు మించరాదు. గడియారంలో 12 నుంచి 1కి ఉన్నంత దూరమన్నమాట. చాలామంది బాక్సు మీది సర్దుబాటు స్క్రూ బిగించి ఆట పోయిందనుకుంటారు. అరిగిన బాక్సును అతిగా బిగిస్తే మధ్యలో బాగానే ఉంటుంది, మలుపులో పట్టేస్తుంది. మలుపు దాటినా చక్రం తిరిగి నేరుకు రాదు. లోడు లారీకి అది ప్రాణాంతకం.

బాక్సు కొనేముందు తప్పు బాక్సుదేనా అని చూడాలి. ఒకరు చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ ఆడిస్తుంటే మరొకరు కింద నుంచి చూడాలి. చక్రం కదిలినా డ్రాప్ ఆర్మ్ కదలకపోతే బాక్సునూ, పైనున్న షాఫ్ట్ జాయింట్లనూ అనుమానించాలి. ఆర్మ్ కదిలినా టైరు కదలకపోతే డ్రాగ్ లింకు బాల్ జాయింట్లు, కింగ్ పిన్ బుష్‌లు చూడాలి. మా షెడ్డుకు ఒక యజమాని కొత్త బాక్సు కొనుక్కొనే వచ్చాడు. చూస్తే అరిగింది బాల్ జాయింటు!

ఎంపికలో ‘అదే కంపెనీ లారీది’ అంటే చాలదు. పాతదాన్ని విప్పి పక్కన పెట్టి పోల్చాలి. బోల్టు రంధ్రాల దూరం, సెక్టార్ షాఫ్ట్ లావు, దాని గాళ్ల లెక్క, చక్రం ఈ కొస నుంచి ఆ కొసకు ఎన్ని చుట్లు తిరుగుతుందో అన్నీ కలవాలి. కుడివైపు తిప్పితే ఆర్మ్ ఎటు పోతుందో తప్పక చూడాలి. పాత సామాను దుకాణంలో కొంటే హౌసింగ్‌కు పగులు, వెల్డింగ్ మచ్చ ఉన్నది వద్దు. పవర్ స్టీరింగ్ బాక్సు పెట్టాలంటే పంపు, ట్యాంకు, పైపులు కూడా కావాలి.

బిగించేటప్పుడు ముందు టైర్లను నేరుగా ఉంచాలి. డ్రాప్ ఆర్మ్‌ను పుల్లర్‌తోనే తీయాలి, సమ్మెటతో కొట్టరాదు, గ్యాస్‌తో కాల్చరాదు. కొత్త బాక్సును మెల్లగా ఒక కొసకు తిప్పి, అక్కడి నుంచి రెండో కొసకు చుట్లు లెక్కపెట్టాలి. ఐదు వస్తే రెండున్నర వెనక్కి తిప్పాలి, అదే సెంటరు. ఆ సెంటరులోనే ఆర్మ్‌ను గుర్తులు కలిపి ఎక్కించాలి. డ్రాగ్ లింకు అందకపోతే దాని పొడవు సర్దాలి గాని బాక్సును తిప్పి అందించరాదు. మేము నేర్చుకునే రోజుల్లో ఒకసారి ఈ తప్పే చేశాము. లారీ ఎడమకు తిరిగినంత కుడికి తిరగలేదు. ఉస్తాద్ ఏమీ అనకుండా మళ్లీ విప్పించాడు. ఆ రోజు నుంచి చుట్లు పైకి చదువుతూ లెక్కపెడతాము.

పాత బోల్టులు వాడకుండా కంపెనీ చెప్పిన గ్రేడువే వేసి, చెప్పినంత టార్కు పట్టాలి. విప్పిన ప్రతిచోటా కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. కంపెనీ చెప్పిన ఆయిల్ పోయాలి. ముందుగా ఖాళీ లారీని మెల్లగా నడిపి చూడాలి. కొన్ని రోజులు నడిచాక బోల్టులు మళ్లీ పరీక్షించాలి.

తమ్ముళ్లారా! బోల్టులు పట్టినంత మాత్రాన బాక్సు కుదిరినట్టు కాదు. టైర్లూ బాక్సు సెంటరూ ఒకేసారి నేరుగా నిలిచినప్పుడే కుదిరినట్టు. ఆ క్యాబిన్‌లో కూర్చునేది ఎవరో ఒకరి నాన్న. అది మరువకుండా పాన పట్టండి.